కుమ్మరి తండ్రి అన్యథాసిద్ధుడా?

మన దర్శనాల్లోంచి కుండను తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పటం కష్టం. వికారాలన్నీ వట్టి పేర్లే, మట్టి మటుకే నిజం అని చెప్పటానికి ఉపనిషత్తుకు మట్టిముద్ద కావలసి వచ్చింది. లోపలి ఆకాశమూ బయటి ఆకాశమూ ఒక్కటేనని చెప్పటానికి అద్వైతులు కుండనే పగలగొట్టారు. అవయవాలకు వేరుగా అవయవి అనేదొకటి ఉన్నదా లేదా అని బౌద్ధులూ నైయాయికులూ శతాబ్దాల తరబడి పోట్లాడుకున్నదీ చాలామటుకు కుండ మీదా గుడ్డ మీదానే. ఇంతమంది పండితులు ఇన్ని వందల ఏళ్లు కుండను ఇటు తిప్పి అటు తిప్పి చూశారు గాని, దాన్ని చేసినవాడి వంక చూసినవాళ్లు తక్కువ.

నైయాయికులు చూశారు. వాళ్ల లెక్క ప్రకారం కుండకు సమవాయికారణం కపాలాలు, అంటే రెండు చిప్పలు. ఆ రెండు చిప్పల కలయిక అసమవాయికారణం. కుమ్మరి, సారె, సారెను తిప్పే కర్ర నిమిత్తకారణాలు. తర్కశాస్త్రం కాస్త రుచి చూసిన ప్రతి విద్యార్థికీ ఇంతవరకూ తెలిసిందే. ఇక్కడొక చిక్కు వచ్చింది. కుండకు ముందు ఉన్నవన్నీ కుండకు కారణాలేనంటే లోకంలో కారణం కానిదంటూ ఉండదు. అందుకని, కార్యానికి ముందు ఉండి కూడా కారణమనే గౌరవానికి నోచుకోనివాటికి "అన్యథాసిద్ధాలు" అని పేరుపెట్టి ఒక జాబితా తయారుచేశారు. విశ్వనాథ పంచాననుడి భాషాపరిచ్ఛేదంలో అవి 5. కర్రలోని కర్రతనం ఒకటి, కర్ర రంగు ఒకటి, ఆకాశం ఒకటి. నాలుగోది కుమ్మరి తండ్రి. అయిదోది మట్టి మోసుకొచ్చిన గాడిద.

తర్కంగా ఇందులో తప్పు పట్టటానికి లేదు. తండ్రి కొడుక్కు కారణం, కుండకు కాదు. ఈ గాడిద కాకపోతే ఇంకో గాడిద మోస్తుంది, లేదా ఎడ్లబండి మోస్తుంది. శాస్త్రానికి కావలసింది నియమం గనక, నియమానికి అందనివన్నీ పక్కకు తప్పుకోవలసిందే. కాని నాకు మొదటినుంచీ ఒక అనుమానం. కొడుకు చేతికి ఆ వాటం ఎక్కణ్ణించి వచ్చింది? మట్టి ఎంతసేపు తొక్కాలో, అంచు ఎక్కడ పలచబడితే ఆవంలో బీటవేస్తుందో వాడికి ఎవరు చెప్పారు? కుండలో జ్ఞాపకం అనేదేమన్నా ఉంటే అది ఆ తండ్రిదే గదా! కుండకు జ్ఞాపకం ఉంటుందా, పగిలిన కుండ మళ్లీ సంపూర్ణం అవుతుందా, అయితే ఆ సంపూర్ణత ఎవరి సొత్తు అనే ప్రశ్నలు ఇవాళ శిల్పకళలో నిజంగానే లేచాయి. అవి గట్టిగా లేచిన చోటు కొరియా. అందుచేత ఈ వ్యాసం అక్కడికే పోతుంది.

యీ సూక్యుంగ్ 1963లో సియోల్‌లో పుట్టిన శిల్పి. 2002 ప్రాంతాల ఆమె ఇచోన్ అనే ఊళ్లో ఒక కుమ్మరి పెద్ద పనిచేసే తీరు చూసింది. ఇచోన్ పింగాణీకి పేరుపడ్డ ఊరు. పాత రాజుల కాలం నాటి పాత్రల నమూనాలను మళ్లీ చేసే బట్టీలు అక్కడ ఉన్నాయి. బట్టీ చల్లారాక ఆ పెద్ద ఒక్కొక్క పాత్రనే తీసి చూసి, పిసరంత మచ్చ కనిపించినా, రంగు కాస్త తేడాగా వచ్చినా పగలగొట్టేస్తాడు. లోపం ఉన్నది లోకం కంట పడకూడదు. ఆమె ఆ పెంకులు ఏరి తెచ్చుకుంది. ఒక పాత్ర మెడ, ఇంకో పాత్ర పొట్ట, మరోదాని మూత, వేరొకదాని మీద చిత్రించిన డ్రాగన్ తోక: ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని ముక్కల్ని జిగురుతో అతికి, అతుకుల మీద 24 కేరట్ల బంగారు రేకు వేసింది. వాటికి "అనువదించిన కలశాలు" అని పేరుపెట్టింది. అవి పాత్రలు కావు, వాటిలో నీళ్లు పొయ్యలేం. పాలు పొంగినట్టు, పుట్ట పెరిగినట్టు ఎటుపడితే అటు ఉబ్బి నుంచుంటాయి. 2017లో వెనిస్ ప్రదర్శనలో పెట్టినది దాదాపు 5 మీటర్ల ఎత్తు. కొరియా భాషలో పగులుకూ బంగారానికీ ఒకటే మాట. తెలుగులో ఆ శ్లేష కుదరదు, పోనివ్వండి. కొరియావాడు ఆ శిల్పం వంక చూసినప్పుడు పగుళ్లు చూస్తున్నాడో బంగారం చూస్తున్నాడో వాడి భాషే చెప్పనివ్వదు.

ఈ శిల్పాల ముందు నుంచున్నవాళ్లకు సాధారణంగా తోచే మాట ఒకటుంది: గాయం అందమయింది, విరిగినది సంపూర్ణమయింది. వినటానికి హాయిగానే ఉంది. హాయిగా ఉండే మాటల్ని ఒకసారి తట్టి చూడటం మంచిది, కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు. ఈ ముక్కలకు తగిలిన గాయం ఏమిటి? భూకంపమా, యుద్ధమా? ఏదీ కాదు. వాటిని పగలగొట్టినవాడు వాటిని చేయించినవాడే. ఎందుకు పగలగొట్టాడు? అతని బట్టీలోంచి బయటికొచ్చే ప్రతి పాత్రా నిర్దుష్టంగా ఉండాలి గనక. మిగిలిన పాత్రల సంపూర్ణత పగిలిన పాత్రల లెక్క మీద నిలబడింది. ఇది ఒక్క కుమ్మరి పెద్ద మీద నేరారోపణ కాదు, అతని వృత్తిధర్మం అది, అతని సరుకు ధర కూడా దాని మీదే ఆధారపడి ఉంది. కాని సంపూర్ణత అనే మాటకు ఇదొక అర్థమని గుర్తుపెట్టుకోవాలి: తనలో ఇమడనిదాన్ని తొలగించటంవల్ల వచ్చే సంపూర్ణత. "మన సంప్రదాయం", "మన జాతి స్వభావం", "మన అచ్చమైన కళ" అని గట్టిగా మాట్లాడే చోట వెనక్కిపోయి చూస్తే పెంకుల గుట్ట ఒకటి కనిపిస్తుంది.

బంగారపు అతుకు కొరియా ఆచారం కాదు, జపానుది. ఒక చెట్టు పాలతో చేసే లక్కతో ముక్కలు అతికి, దాని మీద బంగారపు పొడి చల్లుతారు. దీని పుట్టుకను గురించి చెప్పే కథ ఒకటుంది. 15వ శతాబ్దంలో జపానును ఏలిన షోగున్ అషికాగా యోషిమాసా దగ్గర ఒక చీనా గిన్నె ఉండేది. అది 13వ శతాబ్దంలో లొంగ్‌చువాన్ బట్టీల్లో కాలిన ఆకుపచ్చ గిన్నె. బీటవేస్తే, అలాంటిదే ఇంకొకటి పంపమని దాన్ని చీనాకు పంపాడు. అలాంటిది చేయగల చేతులు ఇప్పుడు లేవని, బీట పక్కలను ఇనప కొక్కేలతో బిగించి వాళ్లు తిప్పి పంపారు. ఆ వికారం చూడలేకే జపాను పనివాళ్లు బంగారపు అతుకు కనిపెట్టారని కథ. కథ ఎంత నిజమో గాని, ఇనప కొక్కేల గిన్నె మటుకు నిజం, అది ఇప్పటికీ తోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. నాకు ఆ కొక్కేల మీద గౌరవం. మన వీధుల్లో ఇత్తడి బిందెకు మాటు వేయించుకునేవాళ్లం. మాటు వేసినవాడు దాన్ని అలంకారం అనలేదు, తత్త్వం అనలేదు. నీళ్లు కారకుండా చేశాడు, అర్ధణా పుచ్చుకున్నాడు. బంగారం వేసేసరికి ఆ మరమ్మతు ఎవరి కోసమన్నది మారిపోయింది. పేదవాడి గిన్నె పగిలితే బంగారంతో అతకరు.

ఇక తెల్లజాడీల సంగతి. కొరియాలో చోసన్ రాజవంశం ఏలిన కాలంలో, 17వ శతాబ్దం చివరినుంచి 18వ శతాబ్దం మధ్యదాకా, పెద్ద పెద్ద గుండ్రటి తెల్ల పింగాణీ జాడీలు చేశారు. ఎత్తు 40 సెంటీమీటర్లకు పైమాటే. పూలు లేవు, బొమ్మలు లేవు. వాటిని ఇప్పుడు చంద్రుడి జాడీలంటారు. అంత పెద్ద పాత్రను మెత్తటి పింగాణీ మట్టితో ఒక్కసారిగా సారె మీద లేపటం కుదరదు, కూలిపోతుంది. అందుకని రెండు పెద్ద గిన్నెలు వేరువేరుగా చేసి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, నడుము దగ్గర అతికేవాళ్లు. నైయాయికుల కపాలద్వయం అచ్చంగా ఇదే! అతుకు దగ్గర గుండ్రతనం కాస్త తప్పుతుంది. ఒకవైపు భుజం జారినట్టు, ఇంకోవైపు నడుము ఉబ్బినట్టు ఉంటుంది. నిండు చంద్రుడు కాదు, పున్నమికి ఒకరోజు ఇటో అటో. ఆ తేడాయే దాని అందమని ఇవాళ లోకమంతా అంటున్నది. బెర్నార్డ్ లీచ్ అనే ఆంగ్ల కుమ్మరి 1935లో సియోల్‌లో ఒక జాడీ కొని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. వియన్నా నుంచి నాజీల బారి తప్పించుకుని లండను చేరిన లూసీ రీ అనే కుమ్మరి స్త్రీకి దాన్ని ఇచ్చాడు. 1995లో ఆమె పోయేదాకా అది ఆమె పనిచేసే గదిలోనే ఉంది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఈ జాడీలు కాల్చింది బున్‌వన్ అనే రాచబట్టీల్లో, సియోల్‌కు దగ్గర గ్వాంగ్జు ప్రాంతంలో. కట్టెలు అయిపోయినప్పుడల్లా, సుమారు పదేళ్లకొకసారి, బట్టీలు అడవినుంచి అడవికి మారేవి. కుమ్మరులూ వాటితోపాటు మారేవాళ్లు. పుట్టుకతో వచ్చిన కొలువది, కొడుకు కూడా అందులోకే రావాలి. ఆ రాజుల కొలువులో రోజువారీ వ్యవహారాలు రాసిపెట్టిన దినచర్య ఒకటుంది. అందులో 1697లో ఒక నమోదు కనిపిస్తుంది: బున్‌వన్ పనివాళ్లలో 39 మంది ఆకలితో చచ్చిపోయారు.

ఈ ఒక్క వాక్యం చదివాక తెల్లజాడీని మళ్లీ మామూలుగా చూడటం నాకు చాతకాలేదు. యనగి మునెయోషి అనే జపాను పండితుడున్నాడు. కొరియా జపాను చెప్పుచేతల్లో ఉన్న రోజుల్లో కొరియా కళ గొప్పదని ధైర్యంగా చెప్పినవాడు. 1922లో సియోల్ రాజప్రాసాదపు సింహద్వారం పడగొట్టబోతున్నారని తెలిసి, తన సొంత ప్రభుత్వాన్ని నిరసిస్తూ రాశాడు. 1924లో కొరియా జానపద కళలకు మ్యూజియం పెట్టాడు. అంతటివాడు కూడా కొరియా పాత్రల వంపుల్లో, తెలుపులో ఆ జాతి శాశ్వత దుఃఖాన్ని చూశాడు. తరవాతి కొరియా విమర్శకులు ఈ మాటను ఒప్పుకోలేదు. పాలితుల స్వభావమే దుఃఖమయితే పాలకుల పాపం ఏముంటుంది అని వాళ్ల వాదం, అది సరయిన వాదమే. తెలుపుకు దుఃఖంతో పనిలేదు. అది కన్ఫ్యూషియస్ ధర్మం మెచ్చిన నిరాడంబరత, కొలువు కోరిన రంగు. దుఃఖం ఉంటే వేరేచోట ఉంది. యనగి వంపులో వెతికాడు గాని, ఆ ఏడు బట్టీలో అన్నం ఎంతమందికి దొరికిందని అడగలేదు. జాతి దుఃఖం అనే పెద్దమాట ఆ 39 మందినీ నున్నగా కప్పేస్తుంది, మెరుగుపూత మట్టిని కప్పినట్టు.

ఇంకొక జాడీకి జరిగింది చెప్పాలి. షిగా నవోయా అనే జపాను రచయిత నారాలోని తోదాయ్‌జీ ఆలయానికి సంబంధించిన ఒక మఠాధిపతికి ఒక చంద్రుడి జాడీ కానుకగా ఇచ్చాడు. 1995లో ఒక దొంగ దాన్ని ఎత్తుకుపోబోయి, పట్టుబడే సూచన కనిపించేసరికి నేలకేసి కొట్టి పారిపోయాడు. 300కు పైగా ముక్కలయింది. మఠంవాళ్లు ముక్కలన్నీ, పొడితో సహా, ఊడ్చి దాచారు. అవి ఒసాకాలోని ప్రాచ్య మృణ్మయకళా మ్యూజియానికి చేరాయి. అక్కడ నిపుణులు నెలల తరబడి కూర్చుని అతికారు. ఇప్పుడు దాన్ని చూస్తే ఎన్నడన్నా పగిలిందని ఎవరూ అనుకోరు. పగిలిందన్న సంగతి మటుకు మ్యూజియం దాచలేదు.

యీ సూక్యుంగ్ అతుకును బంగారంతో చాటింది. ఒసాకా నిపుణులు అతుకును మాయం చేశారు. ఏది ధర్మం? అతుకు చూపటమే నిజాయితీ, దాచటం మోసం అని అనటానికి మన నాలుక తయారుగా ఉంటుంది. ఎందుకంటే వాస్తవాన్ని కప్పిపుచ్చే కళ మీద మనకు కోపం, అది న్యాయమయిన కోపమే. కాని ఆ జాడీలో మొదటినుంచీ ఉన్న నడుము దగ్గరి అతుకును నిపుణులు సరిచెయ్యలేదని గమనించాలి. దొంగ చేసిన 300 పగుళ్లు దాచారు, కుమ్మరి వేసిన ఒక్క అతుకును ఉంచారు. గుండ్రతనం ఎక్కడ తప్పిందో అక్కడే తప్పి ఉంది. దొంగ జాడీకి ఏమవుతాడు? వాడే అసలయిన అన్యథాసిద్ధుడు. వాడి జ్ఞాపకాన్ని జాడీ జన్మాంతం మొయ్యాలని ఏముంది?

నైయాయికులు ఇక్కడ ఒక మంచి మాట చెప్పారు. కుండ అంచు ఊడితే మిగిలింది పాత కుండ కాదు. పాత అవయవి నశించింది, ఖండఘటమనే కొత్త అవయవి పుట్టింది. వైశేషికులు ఇంకా ముందుకుపోయి, పచ్చికుండ ఆవంలో పడగానే పరమాణువులదాకా విడిపోయి, కాలిన కుండగా మళ్లీ పుడుతుందన్నారు. వినటానికి నవ్వొస్తుంది గాని, తిరిగి మునుపటిలా కావటం అనేది లేదని ఒప్పుకునే ధైర్యం ఈ మాటల్లో ఉంది. అతికిన కుండ పాత కుండ కాదు, కొత్త కుండ. సంపూర్ణత అంటే వెనక్కి పోవటమనుకునేవాళ్లు, పాత స్వర్ణయుగాల్ని అతికి నిలబెట్టాలనుకునేవాళ్లు ఈ ఖండఘటాన్ని గురించి ఆలోచించటం మంచిది.

కుండలకు సరే. మనుషుల మాట? 1592 నుంచి 1598 దాకా హిదెయోషి సైన్యాలు కొరియా మీద పడ్డాయి. పోతూ పోతూ జపాను ప్రభువులు కుమ్మరుల్ని కుటుంబాలతో సహా పట్టుకుపోయారు. జపానులో మొదటిసారి పింగాణీ చేసినవాడని చెప్పుకునే యీ సామ్‌ప్యంగ్ అలా వచ్చినవాడే, అరితా పింగాణీ అతని చేతిమీదుగా మొదలయిందంటారు. నామ్‌వన్ అనే పట్నంనుంచి పట్టుకుపోయిన కొందరు సత్సుమా ప్రాంతంలో నయెషిరొగావా అనే ఊళ్లో పడ్డారు. వెంట తెచ్చుకున్న మట్టితో వాళ్లు చేసిన మొదటి గిన్నెల్ని "హిబకరి" అన్నారు. "నిప్పు మాత్రమే" అని అర్థం. మట్టి కొరియాది, చేతులు కొరియావి, నిప్పు మాత్రమే జపానుది. ఆ గిన్నె ఏ దేశానిది? మట్టినిబట్టా, చేతినిబట్టా, నిప్పునిబట్టా? కారణాల జాబితాలు తయారుచేసిన మన పండితుల్ని అడగవలసిన ప్రశ్న.

సత్సుమా ప్రభువులు ఈ కుమ్మరుల్ని ఒక పద్ధతిగా ఉంచారు: జపాను పేర్లు పెట్టుకోకూడదు, తమ దుస్తులు, తమ భాష నిలుపుకోవాలి. చూడటానికి ఇది వాళ్ల సంస్కృతి మీద ప్రేమలా ఉంటుంది. నిజానికి ప్రభువు దగ్గర అరుదయిన పాత్రలున్నట్టే అరుదయిన మనుషులు కూడా ఉన్నారన్నమాట. షిమ్ వంశం ఆ పేరునే 15 తరాలుగా నిలుపుకుంటూ వచ్చింది. మరో కుటుంబం నిలుపుకోలేదు. ఆ ఊళ్లోనే పాక్ ఇంటిపేరు గల కుమ్మరి వంశంలో 1882లో ఒక పిల్లవాడు పుట్టాడు. కాలం మారింది, పాత ప్రభువులు పోయారు, కొరియా పేరు ఉన్నవాణ్ణి చూసి నవ్వే రోజులు వచ్చాయి. 1886లో తండ్రి ఒక జపాను ఇంటిపేరు కొన్నాడు. ఆ పిల్లవాడే తోగో షిగెనోరి, 1941 డిసెంబరులో అమెరికాతో యుద్ధం మొదలయిననాటి జపాను విదేశాంగమంత్రి. యుద్ధం తరవాత తోక్యో విచారణలో 20 ఏళ్ల శిక్ష పడి 1950లో ఖైదులోనే పోయాడు. అతను మంత్రి కావటానికి ముందటి ఏడు, 1940లో, అదే జపాను సామ్రాజ్యం కొరియావాళ్లందరూ జపాను పేర్లు పెట్టుకోవాలని ఒత్తిడి తెచ్చింది. ఒకప్పుడు మీ పేరు వదలరాదని ఆజ్ఞ, ఇంకొకప్పుడు మీ పేరు ఉంచుకోరాదని ఆజ్ఞ. అస్తిత్వం అనే మాటను మనం చాలా పవిత్రంగా వాడుతాం గాని, అది పాలకుల చేతిలో ఎటయినా తిరిగే సారె కావచ్చు.

పేరు కొన్న ఆ కుమ్మరి తండ్రిని నేను తప్పు పట్టగలనా? పట్టగలననే ఒకప్పుడు అనుకునేవాణ్ణి. నేను పాఠాలు చెప్పిన ఒక కళాశాలలో ఒక కుర్రవాడు దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయం" అని రాశాడు. వాళ్లకు సెంటు భూమి లేదని, తండ్రి కుండలు చేస్తాడని నాకు తెలుసు. శ్రమ గౌరవాన్ని గురించి వాడికి ఉపన్యాసం ఇచ్చాను. పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "మీ ఇంట్లో కుండలో వండుకుని ఎన్నాళ్లయింది మాస్టారూ?" అన్నాడు. మా ఇంట్లో అప్పటికే అన్నీ అల్యూమినియం గిన్నెలు, కొన్ని స్టీలువి. వాడి తండ్రి చేతిలోని పనిని మెచ్చుకునే స్థోమత నాకుంది, ఆ పనికి కూలి ఇచ్చే అలవాటు నాకు లేదు. వాడు దాచుకున్న అతుకును బంగారంతో చాటమని నేను అడిగానన్నమాట. చాటితే చూసి తృప్తి పడేవాణ్ణి నేను, మొయ్యవలసినవాడు వాడు.

అందుచేత జ్ఞాపకం విధిగా చూపించాలి అనే సూత్రం కూడా నమ్మదగింది కాదని నాకు తోస్తున్నది. గాయపడినవాడికి మరిచిపోయే హక్కుంది. గాయపరిచినవాడికి ఆ హక్కు లేదు, ఆ గాయంతో చేసిన పాత్రను అనుభవించేవాడికీ లేదు. బున్‌వన్‌లో చచ్చిపోయిన 39 మందిని గుర్తుపెట్టుకోవలసిన బాధ్యత వాళ్ల కొడుకులది కానక్కరలేదు. జాడీ ముందు నుంచుని ఆహా అనేవాడిది.

ఈ దృష్టితో యీ సూక్యుంగ్ శిల్పాల్ని మళ్లీ చూస్తే ఒక విషయం ఆమె పక్షాన చెప్పాలి. ఆమె పాత పాత్రను తిరిగి నిలబెట్టలేదు. ఈ మెడ ఈ పొట్టదేనని అబద్ధం ఆడలేదు. సుత్తి తీర్పును కాదని, పారేసిన ముక్కలకే చోటు ఇచ్చింది. వాటికి ఏ రాజకొలువు రూపమూ తొడగలేదు, వాటి వికారం వాటికే ఉంచింది. ఇది తొలగించటంవల్ల వచ్చే సంపూర్ణత కాదు, చేర్చుకోవటంవల్ల వచ్చేది. ఖండఘటం నేను ఖండఘటాన్నే అని చెప్పుకుని 5 మీటర్లు లేచి నుంచోవటంలో ఒక ఠీవి ఉంది. బంగారం విషయంలో నా అనుమానం తీరలేదు. పగులుకూ బంగారానికీ ఒకటే మాట అనే శ్లేష సూక్ష్మమయినదే. మ్యూజియంలో, సంపన్నుల ఇళ్లల్లో ఆ శ్లేషలో సగమే వినిపిస్తుంది, బంగారమనే సగం. శిల్పం కింద శిల్పి పేరు ఉంటుంది. ఆ పెంకుల్ని మొదట సారె మీద లేపినవాళ్లవి, డ్రాగన్ తోకను నీలిరంగుతో గీసినవాళ్లవి, ముక్కలు ఏరి కడిగినవాళ్లవి పేర్లు ఉండవు. వాళ్లు నిమిత్తకారణాలయినా అయ్యారో, ఇంకా అన్యథాసిద్ధాల్లోనే ఉన్నారో ఆ పలక చెప్పదు.

నయెషిరొగావా వాళ్లు ఒక పని చేశారు. 1998లో, పట్టుకొచ్చి 400 ఏళ్లయిన సందర్భంలో, 14వ షిమ్ సుగ్వాన్ నామ్‌వన్ నుంచి నిప్పు ఓడ మీద తెప్పించాడు. ఈసారి మట్టి జపానుది, కుమ్మరులు జపానులో పుట్టినవాళ్లు, నిప్పు మాత్రమే కొరియాది. పాత లెక్కను తిరగేసి రాశారు గాని, పాత పద్దు కొట్టెయ్యలేదు. ఆ నిప్పుతో కాల్చిన పాత్ర మీద బంగారం అవసరం లేకపోయింది. షిమ్ వంశంలో తండ్రులు కారణాల జాబితాలోంచి ఎన్నడూ బయటికి పోలేదు. అక్కడ కొడుకు పేరే తండ్రి పేరు.

తండ్రి సంగతి సరే, గాడిద మిగిలింది. తెల్లజాడీకి కావలసిన తెల్లమట్టి బున్‌వన్ దగ్గర దొరికేది కాదు. దాంట్లో మేలయినది కొండల్లో ఉన్న యాంగ్గూ ప్రాంతంనుంచి వచ్చేది. అక్కడి రైతుల చేత వెట్టికి తవ్వించి, నదిదాకా మోయించి, పడవల్లో కిందికి పంపేవాళ్లు. ఈ తవ్వకంవల్ల పడే బాధలు చెప్పుకుంటూ మొరలు రాజుదాకా పోయాయి. ఆ కొండల పేర్లు ఒకప్పుడు మన పత్రికల్లో కూడా పడే ఉంటాయి. 1951లో కొరియా యుద్ధంలో నెలల తరబడి నెత్తురు కారిన గుట్టలు ఆ యాంగ్గూలోనివే. 1953నాటి యుద్ధవిరమణ రేఖ ఇవాళ్టికీ ఆ తాలూకా ఉత్తరపు అంచునే పోతున్నది. దేశం రెండు చిప్పలయిన చోట, ముళ్లతీగకు ఇవతల, ఆ తెల్లమట్టి ఇంకా దొరుకుతుంది.